మేస్త్రీ తెంపిన పోగులు

శ్రీరంగప్ప మేస్త్రీ పాఠం మేమెవరం రాకముందే మొదలయ్యేది. ధర్మవరం దగ్గర సర్కారు పెట్టిన నేత శిక్షణ కేంద్రంలో ఆరు గుంటమగ్గాలు, నేర్చుకునేవాళ్ళం ఆరుగురం. తెల్లవారగానే ఆయన ఒక్కడే వచ్చి, చిన్న కత్తెర పట్టుకుని ఒక్కో మగ్గాన్నీ చెడగొట్టేవాడు. నిజంగా చెడగొట్టడమే. ఒకదాంట్లో పడుగు పోగు తెంపేవాడు. ఇంకోదాంట్లో రెండు పోగులు తారుమారు చేసి కట్టేవాడు. మరోదాంట్లో కాలితో తొక్కే చెక్కకున్న తాడు పొట్టి చేసేవాడు. ఎవరికి ఏ తప్పు పెట్టాలో ముందురోజు సాయంత్రమే పలక మీద వేసుకునేవాడు. ఆయనకు రాత అంతగా రాదు. పేర్లకు బదులు గుర్తులుండేవి. నా గుర్తు సిలువ.

నా పేరు యేసన్న. మాది నల్లమాడ పక్క కూలి కుటుంబం. వరసగా మూడేళ్ళు వానల్లేక వేరుశనగ చేలు ఎండిపోతే, మాలాంటివాళ్ళకు నేత నేర్పి బతుకు చూపిస్తామన్నారు. అది 1961. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు, ముక్కు మీద కోపం. రెండో రోజే అడిగేశాను.

"ఏం మేస్త్రీ, నిన్న బాగుండె గదా మగ్గం. ఈ పొద్దు ఇట్లా చేసినారేమి?"

"మా ఇండ్లల్లో పిల్లోడు మగ్గం కాడే పుట్టి మగ్గం కాడే పెరుగుతాడప్పా. తెగిన పోగు అతకడం నేర్సుకోనీకి వానికి పదేండ్లు ఉండాది. నీకు ఆరు నెల్లే. దానంతట అది తెగేదాకా కూచుంటే నువ్వెప్పుడు నేర్సుకుంటావు? అందుకే నేనే తెంపుతాండా."

ఆ మాటతో నా కోపం చల్లారింది. మా నాయన కూడా నా గురించి అంతగా ఆలోచించి ఉండడు.

మేస్త్రీది అప్పటికి తాత్కాలికపు ఉద్యోగం. గుంటలో కాళ్ళు పెట్టి ముప్పై ఏళ్ళు నేసి మోకాళ్ళు పోగొట్టుకున్నాడు. ఇంటి మగ్గం తమ్ముడికి ఇచ్చేశాడు. ఆ ఏడు తనిఖీలో మంచి మాట పడితే ఉద్యోగం ఖాయం. లేకపోతే ఆ మోకాళ్ళతోనే మళ్ళీ పరాయి మగ్గంలోకి దిగాలి. ఈ సంగతి మా ఆరుగురికీ తెలుసు. నాకు బాగా తెలుసు. అందుకే ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను.

తనిఖీ మా చదువు ముగియడానికి నాలుగు రోజుల ముందు పడింది. ఆ ఉదయం మేస్త్రీ అయిదు మగ్గాలు సరిగానే ఉంచాడు. నా మగ్గం దగ్గరికి మాత్రం కత్తెరతో వచ్చాడు.

"నీకు ఒకటి మిగిలిపోయింది యేసన్నా. పక్కపక్కన ఏడు పోగులు ఒక్కసారే తెగితే యాడిది యాడికో కనుక్కుని అతకడం నీకింకా రాలేదు."

"ఆఫీసరు వచ్చి పోనీ మేస్త్రీ. రేపు చేస్తాను."

"రేపటికి వేరేది ఉండాది" అని ఏడు పోగులూ కత్తిరించాడు.

పది గంటలకు ఆఫీసరు జీపులో దిగాడు. అయిదు మగ్గాలు దాటి నా దగ్గర ఆగాడు. "ఇది ఎవరు పాడు చేశారు?" అన్నాడు.

"నేనే సార్, తెలీక తెంపినాను" అంటే సరిపోయేది. నేర్చుకునేవాడు తెంపితే ఎవరేం చేస్తారు? నాలుగు తిట్లు పడేవి, దులిపేసుకునేవాణ్ణి. నా నోరు ఊరుకుంటేనా! మా మేస్త్రీ గొప్పతనం అంత పెద్దాయన చెవిన పడాలని నాకు ఉబలాటం.

"మా మేస్త్రీ తెంపినాడు సార్! దినామూ పొద్దున్నే వచ్చి కత్తెరతో తెంపుతాడు" అన్నాను, నవ్వుతూ.

"రోజూనా?"

"రోజూ సార్. ఆరు మగ్గాలూ."

ఆఫీసరు మేస్త్రీ వైపు తిరిగాడు. "నిజమే సార్. వీళ్ళు నేర్సుకోవల్ల గదా" అన్నాడు మేస్త్రీ. పాఠాల పుస్తకం చూపించమంటే పలక అందించాడు. ఆఫీసరు దాన్ని ముట్టుకోలేదు. ప్రభుత్వ పట్టును కావాలనే నాశనం చేస్తున్నాడని రాసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికల్లా ఆ ఏడు పోగులూ నేను అతికాను. మేస్త్రీ వేలితో తడిమి చూసి, "ఊఁ, వచ్చింది" అన్నాడు. నెల తిరక్కుండానే ఆయన్ని తీసేశారు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఖాళీ అయిన ఆ పని నాకే ఇచ్చారు. ఏడు పోగులు అతకగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే మరి! సిగ్గు లేకుండా చేరాను. గీతలు గీసిన పుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో పాఠాలు రాసి పెట్టాను. కేంద్రంలో ఉన్న కత్తెరను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఉదయాన్నే అందరికంటే ముందు వచ్చేవాణ్ణి, అది మాత్రం మేస్త్రీ దగ్గర నేర్చుకున్నదే. వచ్చి, తెగిన పోగు ఎక్కడున్నా అతికేసేవాణ్ణి. తనిఖీకి వచ్చిన ప్రతివాడూ భేష్ అని రాశాడు.

మూడేళ్ళ తర్వాత తిమ్మన్న అనే నా శిష్యుడు ధర్మవరంలో పనికి కుదిరి, వారం తిరక్కుండా తిరిగొచ్చాడు.

"పోగు తెగింది సార్. ఏం చేయల్లో తెలీక అట్లే కూచున్నా. షావుకారు లేపి పంపించినాడు. ఈడున్నన్ని దినాలూ నాకు ఒక్కటీ తెగలేదే సార్!"

వాడి ముఖం చూడలేకపోయాను. అతకడం నేనే చూపించి ఉండొచ్చు. అలా చేయకుండా వాణ్ణి మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. బహుశా ఆయన తిట్టు కోసమే వెళ్ళానేమో.

ఆయన ఒక షావుకారు కొట్టంలో, పరాయి మగ్గం గుంటలో ఉన్నాడు. విషయమంతా విన్నాడు. మోకాళ్ళు పట్టుకుని పైకి లేచి, తిమ్మన్నను తన చోట కూర్చోబెట్టాడు. మొలలోంచి కత్తెర తీసి షావుకారు పడుగులో పక్కపక్కన ఏడు పోగులు తెంపాడు.

"మేస్త్రీ, షావుకారు చూస్తే!" అన్నాను.

"చూడనీ" అని తిమ్మన్న వైపు వంగాడు. "ఊఁ, మొదటి పోగు యాడిదో కనుక్కో నాయనా."

నేను సాయం పట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు పో యేసన్నా. నీ బడికి పొద్దవుతాంది."

వెళ్ళాను. ఆ రోజు కూడా నా మగ్గాలన్నీ సరిగానే ఉన్నాయి.