గురుబారి పక్కన నిలబడ్డ ముసలమ్మ

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. కడుపులో ఏముందో స్కాన్‌లో చూసి చెప్పడమే నా ఉద్యోగం. తెరమీద కనిపించనిది అసలు లేనట్టే అనుకునేదాన్ని.

కిందటి వానాకాలం అనంతగిరి దగ్గర జీపు బోల్తా పడింది. అందులో ఉన్న గురుబారి అనే చిన్నపిల్లను వాళ్ల నాన్న మా ఆసుపత్రికి ఎత్తుకొచ్చాడు. పైకి గీతలే. బీపీ బాగానే ఉంది. మధ్యాహ్నమైపోయింది, నాకు ఆకలిగా ఉంది.

వాళ్ల నాన్నను తలుపు బయట ఆపి పిల్లను పడుకోబెట్టాను. తెర బాగా కనబడాలని లైట్లు తీసేస్తాం. కాలేయం, ప్లీహం, కిడ్నీలు గబగబా చూశాను. కడుపులో ఎక్కడా రక్తం చేరలేదు. నార్మల్ అని రాసి పంపేద్దామనుకుని తలెత్తితే మంచం అవతల ఒక ముసలమ్మ. మోకాళ్ల పైకి కట్టిన చీర, ముక్కుకు రెండు పక్కలా నత్తులు. పిల్లకు నాయనమ్మేమో అనుకున్నాను. ఆమె పిల్ల కుడి డొక్క వెనక చెయ్యి పెట్టి అలాగే ఉంచింది.

"చెయ్యి తియ్. బయటికి పో," అన్నాను.

తియ్యలేదు. నేనే తోసేశాను. చెయ్యి చల్లగా ఉంది. స్కాన్‌కి రాసిన జెల్ అంటుకుందేమో అనుకున్నాను. మళ్లీ చూసేసరికి ఆమె లేదు.

అక్కడేమీ లేదని తేల్చేద్దామనే చిరాకుతోనే స్కాన్ ప్రోబ్‌ని డొక్క వెనక పెట్టాను. కుడి కిడ్నీ పైన, కాలేయం వెనక నల్లటి ముద్ద. అడ్రినల్ గ్రంథిలో రక్తం గూడుకట్టింది. దెబ్బలు తగిలిన పిల్లల్లో ఇది ఎక్కువగా కుడివైపే ఉంటుందని చదువుకున్నదాన్నే. అయినా మొదట అక్కడ చూడలేదు.

వెంటనే విశాఖ పంపాను. సీటీ స్కాన్‌లో అదే తేలింది, పక్కనే కాలేయంలో చీలిక కూడా. కొండమీది ఊరికి పంపేసి ఉంటే ఏమయ్యేదో. పిల్ల ఆపరేషన్ లేకుండానే కోలుకుంది. అక్కడి డాక్టరు ఫోన్ చేసి మెచ్చుకుంటే, అనుభవం అన్నాను.

కొన్నాళ్లకు మళ్లీ స్కాన్‌కి వచ్చారు. ముద్ద చాలావరకు కరిగింది. ఆ రోజు ముసలమ్మను కసిరానని, ఈసారి వచ్చేటప్పుడు ఆమెనూ తీసుకురమ్మని పిల్ల నాన్నతో అన్నాను. అతను తెల్లబోయాడు.

"మాతోటి ఆడోళ్లెవులూ రానేదు మేడమ్. తలుపుకాడ నేనే ఉన్నాను. లోపలికెవులూ ఎల్లనేదు."

మంచం మీద నుంచి గురుబారి మెల్లగా అంది. "ఉంది. నువ్వు పొమ్మన్నావు కదా, ఎలిపోనాది."

ఎవరని అడిగాను. తెలీదని తల అడ్డంగా ఊపింది.

నాకూ ఇప్పటికీ తెలీదు. ఆ గదికి ఒక్కటే తలుపు. ఆమె ఎవరైనా కానీ, పిల్లను పట్టుకున్న ఆ చేతిని తోసేశాను. గుర్తొస్తే భయం కంటే ముందు సిగ్గేస్తుంది.