కుక్క వాటా

మా ఇంట్లో పెరిగిన కుక్క గురించి నేను చెప్పినవాటిలో సగం అబద్ధాలని మా వీధిలో అందరికీ తెలుసు. గోదావరి ఎదురీది వాడపల్లి వెళ్లి స్వామి దర్శనం చేసుకొచ్చిందన్నది పచ్చి అబద్ధం. వాసన చూసి ఏ కొబ్బరికాయలో నీళ్లున్నాయో చెప్పేదన్నది కొంచెం అబద్ధం. ఇప్పుడు రాస్తున్నది మాత్రం నిజం. మా ఆవిడ పక్కనే కూర్చుని ఒక్కో కాగితం చదువుతోంది, పెంచి చెప్పడానికి వీల్లేదు.

రెండువేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయి ఉంటుంది. అప్పుడు మేం మలికిపురం దగ్గర ఉండేవాళ్లం. పక్కింట్లో రిటైరైన టీచరు గారు ఒక్కరే ఉండేవారు. నీటికాసుల జబ్బుతో రెండేళ్లలో చూపు మొత్తం పోయింది. ఆదివారం చర్చికి ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవారు. అది ఆవిడకి నచ్చేది కాదు.

"ముప్పయ్యేళ్లు పిల్లల్ని లైన్లో నడిపించేనండి. ఇప్పుడు నన్ను నడిపిస్తున్నారు. చర్చికి ఒక్కదాన్నే వెళ్లాలండి. అంతకంటే ఏమీ అక్కర్లేదు" అనేవారు.

చూపులేనివాళ్లకి దారి చూపే కుక్కల్ని తయారుచేసే సంస్థ ఒకటి పట్నంలో ఉందని తెలిసి ఆవిడ ఉత్తరం రాయించారు. జవాబు వచ్చింది. కుక్కపిల్లని ముందు ఏడాది పాటు ఏదైనా కుటుంబం పెంచాలి, పెంచేవాళ్లు దొరకడం లేదు, మీ దగ్గర ఎవరైనా పెంచి, అది పరీక్షలో నెగ్గితే మీకే ఇస్తాం అని. ఆ ఉత్తరం చదివి వినిపించింది మా అమ్మాయి. చదివిన నోటితోనే "మేం పెంచుతామండి" అని మాటిచ్చి వచ్చింది. మా ఇంట్లో నిర్ణయాలన్నీ అలాగే జరుగుతాయి. నాకు చివర్న చెబుతారు.

మీగడ రంగు కుక్కపిల్ల, బుట్టలో వచ్చాడు. వాడితోపాటు రెండు పేజీల నియమాలు. రోజూ వీధుల్లో, సంతలో తిప్పాలి. రెండు పూటలా గిన్నెలో పెట్టింది తప్ప ఎవరి చేతిదీ తినకూడదు. మా ఆవిడ అది చదివి, "నిజమే కదండీ. తిండి కోసం ఆగే కుక్క మనిషిని తీసుకెళ్లి కాలవలో దింపుతుంది" అంది.

చెప్పడం తేలికే. కానీ మా వీధిలో గుమ్మం ముందుకొచ్చిన ప్రాణిని వట్టి నోటితో పంపరు.

"ఆయ్, రండి బాబూ, గారె తినెళ్లండి" అన్నది నన్ను కాదు, కుక్కని. నెల తిరక్కుండా వాడు పదకొండు గుమ్మాల దగ్గరా ఆగి, కూర్చుని, తోక ఊపడం నేర్చుకున్నాడు. కాలవ వంతెన దాకా వెళ్లడానికి గంట పట్టేది.

వద్దంటే నొచ్చుకుంటారని నేనొక కథ అల్లాను. "వాడికి పసరు మందు పడుతోందండి. కఠిన పథ్యం" అన్నాను. పథ్యమంటే మావాళ్లకి ఎంత గౌరవమో తెలిసి కూడా ఆ పొరపాటు చేశాను. మర్నాటి నుంచి గిన్నెలు రావడం మొదలెట్టాయి.

"పథ్యానికి బీరకాయ మంచిదండి. తాలింపెయ్యలేదు."

"పాత బియ్యం అన్నమండి. ఉప్పు తగల్లేదు."

వీధి చివరి మామ్మగారు కాకరకాయ ఉడకేసి మరీ తెచ్చారు. వాడు అదీ తిన్నాడు. పక్క వీధి నుంచి కూడా కేరేజీలు దిగాయి. ఇలా పది నెలలు గడిచేసరికి సంస్థ నుంచి ఉత్తరం. రెండు నెలల్లో మనిషి వచ్చి పరీక్ష పెడతాడు, తిండికి ఆగితే ఈ కుక్క పనికిరాదు, టీచరు గారు మళ్లీ మొదట్నుంచి కాచుకోవాలి.

టీచరు గారు నన్ను పిలిపించారు.

"పథ్యమని చెప్పింది మీరేనా?"

"కొంచెం పెంచి చెప్పేనండి."

"స్కూల్లో అయితే బెంచీ ఎక్కించేదాన్ని. పదండి."

నా మోచెయ్యి పట్టుకుని పదకొండు గుమ్మాలూ ఎక్కారు. ప్రతి గుమ్మంలోనూ నేను "అబద్ధం చెప్పేనండి" అనాలి. తర్వాత ఆవిడ, "మీరు పెట్టే ముద్ద నన్ను చర్చికి వెళ్లనివ్వదండి" అనేవారు. అందరికీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా అసలు చిక్కు తీరలేదు.

"మరి గుమ్మంలోకొచ్చినవాణ్ణి ఊరికే ఎలా పంపుతామండీ? మర్యాదా?"

తీర్పు కాకరకాయ మామ్మగారే ఇచ్చారు. "తాడు పట్టుకున్నాయన తింటే కుక్క తిన్నట్టే. దాని వాటా ఆయనకి పెట్టేద్దాం."

అప్పటి నుంచి పదకొండు గుమ్మాల్లోనూ కుక్క వాటా నేను తిన్నాను. వాడు నా కాళ్ల దగ్గర కూర్చుని మొదట చొంగ కార్చాడు, తర్వాత ఆవులించాడు, తర్వాత నిద్రపోయాడు. రెండు నెలలకి సున్నుండ ముక్కు మీద పెట్టినా చూసేవాడు కాదు. నా చొక్కాలకి మాత్రం ఒక్కదానికీ బొత్తాలు పట్టలేదు.

పరీక్ష రోజున వచ్చినాయన సన్నగా, కచ్చితంగా ఉన్నాడు. తాడు తనే పట్టుకున్నాడు. ముందుగా చెప్పాల్సింది. నేను చెప్పలేదు.

"ఆయ్, తాడు మీ చేతిలో ఉందండి, తప్పదు" అన్నారు మొదటి గుమ్మంలో. పెసరట్టు. మూడో ఇంట్లో ఆత్రేయపురం పూతరేకులు. ఆరో ఇంట్లో వద్దంటూనే రెండో గారె తీసుకున్నాడు. తొమ్మిదో గుమ్మంలో ఆయనే స్వయంగా ఆగి లోపలికి చూశాడు. మా వాడు లేచి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు, ఇక పదండి అన్నట్టు.

ఆయన పుస్తకంలో ఏదో రాసుకుని, "కుక్క పాసండి. నేనే ఫెయిలయ్యేను" అన్నాడు.

దారి చూపడం నేర్చుకోవడానికి వాడు పట్నం వెళ్లిపోయాడు. వెళ్లిన వారం మా అమ్మాయి వాడి గిన్నె కడిగి బోర్లించి, మళ్లీ తిప్పి పెట్టి, మళ్లీ బోర్లించింది. కొన్ని నెలల తర్వాత టీచరు గారు కూడా వెళ్లి, వాడితో నడవడం నేర్చుకుని, వాణ్ణి తీసుకుని తిరిగొచ్చారు.

మొదటి ఆదివారం వీధంతా గేట్ల దగ్గర నిలబడింది. పని మీదున్న కుక్కని పలకరించకూడదని ముందే చెప్పారు. మావాళ్లని నోరు మూసుకోమనడం ఎంత శిక్షో రాయలేను. టీచరు గారు తెల్లచీరలో, ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో తాడు బదులు వాడి ఒంటికి కట్టిన పట్టీ. వాడు పదకొండు గుమ్మాలూ దాటాడు. మా గేటూ దాటాడు. వెనకాల ఎవరూ లేరు. వెళ్దామని అడుగు వేసిన మా అమ్మాయి భుజం మీద మా ఆవిడ చెయ్యి వేసింది.

తిరిగొచ్చేటప్పుడు టీచరు గారు మా గేటు ముందు ఆగారు. వాడు కూర్చున్నాడు.

"పట్టీ నా చేతిలో ఉందండి. కుక్క వాటా ఏదీ?"

మా ఆవిడ అప్పటికే కాఫీ కలపడానికి లోపలికి వెళ్లింది.