పుల్లీ మీది గీత

రేవులో అతన్ని అందరూ స్టెతస్కోపు అని పిలిచేవారు. పడవ ఇంజిన్లు బాగుచేసే మనిషికి ఆ పేరు రావడానికి కారణం మూరెడు పొడవున్న ఒక స్క్రూడ్రైవరు. దాని మొన ఇంజిన్‌కి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. కాసేపు విని, "నాలుగో ప్లగ్గు పోయింది" అనో, "దీనికేం రోగం లేదు, నడిపేవాడికే ఉంది" అనో తేల్చి చెప్పేవాడు. ముప్పై ఆరేళ్ళలో ఆ తీర్పు మీద పేచీ పెట్టినవాళ్ళు తక్కువ.

ఆర్నెల్ల కిందట చెవుల డాక్టరు అతని చేతికొక కాగితం ఇచ్చాడు. అందులో వినికిడి గీత సగం దూరం తిన్నగా నడిచి, అక్కణ్ణుంచి మెట్ల మీద కాలు జారినట్టు కిందికి దిగిపోయింది. "బరువు చప్పుళ్ళు బాగానే వినిపిస్తాయి. సన్నవి వినిపించవు. చెవికి మిషను పెట్టుకోండి" అన్నాడు డాక్టరు. అతను ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పనిముట్ల పెట్టె అడుగున దాచేశాడు. ఇంట్లో చెప్పలేదు. భార్య మాత్రం వంటింట్లోంచి మూడుసార్లు పిలిచి, నాలుగోసారి ఎదురుగా వచ్చి నిలబడడం అలవాటు చేసుకుంది. "నా మాటంటే పెళ్ళైన నాటి నుంచీ మీకు చెవుడేగా" అనేది. అతను నవ్వి ఊరుకునేవాడు. నవ్వితే మాట అక్కడితో ఆగిపోతుందని అతని ఆశ.

మూడు వారాల కిందట చెల్లెలి పడవ పని పడింది. మొగుడు పోయాక స్టీరింగు తనే పట్టుకుని, రోజుకు పన్నెండు విడతలు జనాన్ని ఏరు దాటిస్తున్న మనిషి ఆమె. ఏటా చేసే సర్వీసింగే. పాయింట్లు మార్చాడు, ప్లగ్గులు మార్చాడు, చివర టైమింగ్‌కి వచ్చాడు. సిలిండర్లో పిస్టన్ పైకంటా వచ్చేముందు, సరైన క్షణాన నిప్పురవ్వ పడాలి. ఆలస్యమైతే ఇంజిన్ నీరసపడుతుంది, మరీ తొందరపడితే తనను తానే కొట్టుకుంటుంది. ఎప్పటిలాగే చెవితో కుదిర్చి, ఆ తర్వాత టైమింగ్ లైటు పెట్టి చూశాడు. తిరిగే పుల్లీ మీద ఒక గీత ఉంటుంది. లైటు వెలిగి ఆరుతుంటే ఆ గీత కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తుంది. పక్కనే ఇంజిన్ మీదున్న అంకెల్లో పది దగ్గర నిలవాల్సిన గీత ఆ రోజు, రవ్వ ఆలస్యంగా పడుతున్నట్టు, సున్నా దగ్గర నిలబడింది.

పాతరోజులైతే లైటునే తిట్టేవాడు. ఆ రోజు మాత్రం పెట్టె అడుగున ఉన్న కాగితం గుర్తొచ్చింది. అయిపోయింది, చెవి మోసం చేసింది అనుకున్నాడు. ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటరు తిప్పి గీతను పది దగ్గరికి తెచ్చి బిగించాడు. ఇంజిన్ నడక ఎందుకో నచ్చలేదు. నచ్చకపోవడమూ చెవి జబ్బే కాబోలని సర్దుకున్నాడు.

ఇవాళ పొద్దున పదకొండు మందితో నడి ఏట్లో ఆ ఇంజిన్ వేడెక్కి ఆగిపోయింది. వంతెన స్తంభాల వైపు కొట్టుకుపోతుంటే చెల్లెలు లంగరు వేసి ఆపింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ పడవలో ఉన్న టీచరమ్మ ఒడ్డెక్కగానే పడవలకు పర్మిట్లిచ్చే ఆఫీసుకు ఫోన్ చేసింది.

మధ్యాహ్నం అతను రేవులోకి దిగేసరికి చెల్లెలు పడవ అంచున కూర్చుని ఉంది.

"రేపు ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టరు వస్తాడట అన్నయ్యా. ఏటికి ఎదురు నడిపి చూపించమంటాడట. మళ్ళీ ఆగిందంటే పర్మిట్ రద్దు."

"టీచరమ్మ పాపం ఎంత భయపడిందో."

"ఆవిడ భయపడిందా? స్కూలు పిల్లల్ని తిట్టినట్టు ఏటినే తిట్టింది! భయపడింది నేనే." లంగరు తాడు చుట్టబెడుతూ అంది, "ఈ మధ్య స్టార్టు చేస్తుంటే ఎదురు తన్నుతోంది. నీకు చెబుదామనుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చేసిన పనికి వంక పెడితే నువ్వు రెండ్రోజులు మాట్లాడవు. నాకు తెలీదా!"

అతను ఇంజిన్ మూత ఎత్తాడు. ఇది తన చేతిపనే అయితే ఈ సాయంత్రమే పెట్టెకు తాళం వేసి, ఆ తాళంచెవి ఏట్లో పారేయాలని దారిలోనే నిర్ణయించుకున్నాడు. తోడబుట్టినదాన్నే స్తంభాల మీదికి తోసినవాడు ఇంకెవరి పడవలో చెయ్యి పెడతాడు?

ముందు డిస్ట్రిబ్యూటరు చూశాడు. బిగించిన రోజు దాని మీదా, కింద ఇంజిన్ దిమ్మ మీదా కలిసేలా మేకుతో ఒక గాటు పెట్టడం అతని అలవాటు. గాటు గాటుకి ఎదురుగానే ఉంది. బోల్టు బిగువుగానే ఉంది. లైటు తగిలించి ఇంజిన్ నడిపించాడు. పుల్లీ మీది గీత నాలుగు దగ్గర నిలబడింది.

ఇంజిన్ ఆపి, ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. ఆ రోజు పది. ఇవాళ నాలుగు. డిస్ట్రిబ్యూటరు ఎవరూ తిప్పలేదు. మరి అంకె ఎలా మారింది?

"ఏమైంది అన్నయ్యా? అలా బొమ్మలా కూర్చున్నావేం?"

"ఉండవే, లెక్క తప్పింది."

మొదటి ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రంలోంచి వెదురుపుల్ల ఒకటి దించాడు. "పుల్ల పైకి లేస్తూ ఉంటుంది, లేవడం ఆగిన చోట ఆపమను" అని చెప్పి స్పానరుతో ఇంజిన్‌ను మెల్లగా తిప్పాడు. చెల్లెలు పుల్ల మీదే చూపు పెట్టింది. "లేస్తోంది... లేస్తోంది... ఆ, ఆగు!" ముందుకీ వెనక్కీ రెండుమూడు సార్లు తిప్పి చూసుకున్నాడు. సందేహం లేదు, పిస్టన్ పైకంటా వచ్చింది. ఇప్పుడు పుల్లీ మీది గీత సున్నా దగ్గర ఉండాలి. బొటనవేలు వెడల్పున పక్కకు ఉంది.

గుడ్డతో పుల్లీ తుడిచాడు. లోపలి చక్రానికీ బయటి వలయానికీ మధ్య ఉండే రబ్బరు, కారిన నూనెకు నాని, ఉబ్బి, పట్టు వదిలేసింది. బెల్టు గుంజినప్పుడల్లా వలయం కొంచెం కొంచెం జారుతోంది. దానితోపాటే గీతా జారింది.

అతను పెద్దగా నవ్వాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. చెల్లెలు హడలిపోయింది.

"నా చెవి కాదే! గీత జరిగింది! ఆ రోజు చెవితో పెట్టిందే సరైనది. దొంగ గీతను నమ్మి నేనే చెడగొట్టాను."

"నీ చెవికేమైంది?"

అతని నవ్వు ఆగింది. ఇక దాచి లాభం లేదు. కాగితం తీసి ఇచ్చాడు. ఆమె చదివి, మడత పెట్టి, మళ్ళీ విప్పి చూసింది.

"సన్న చప్పుళ్ళంటే ఎలాంటివి?"

"గాజులు, పిట్టలు, మీ వదిన."

ఆమె నవ్వబోయి, ఏదో తట్టినట్టు ఆగింది. "బరువు లాగేటప్పుడు ఇందులోంచి గలగలమని వస్తోంది. మేకుల డబ్బా అనుకుని డబ్బాను ఒడ్డున పెట్టేశా. అయినా ఆగలేదు. చెంచాలు కూడా దింపేశా. మూడు వారాలుగా గరిటెతో కలుపుకుంటున్నా టీ."

అది నిప్పురవ్వ మరీ ముందుగా పడితే ఇంజిన్ చేసే చప్పుడు. ఒకప్పుడు రేవు అవతల ఉండగానే పట్టేసేవాడు. ఇప్పుడు పక్కన ఉండీ పట్టలేకపోయాడు. అంటే చెవి సగం నిజం చెప్పింది, మిగతా సగం చెప్పనేలేదు. తప్పు పూర్తిగా పుల్లీదే అనుకోవడానికి లేదు. కానీ మూడు వారాలుగా గుండెల మీద ఉన్న బండరాయి సగానికి సగం తేలికైంది. ఆ మిగిలిన సగం మోయగలిగిందే.

"ఇలా రా. మిగతాది నువ్వు వినాలి."

చెల్లెలు గోళ్ళరంగు సీసా తెచ్చింది. వలయం మీద కాకుండా, జారని లోపలి చక్రం మీద, సున్నాకు ఎదురుగా ఎర్రటి గీత గీశాడు. దాన్నిబట్టి టైమింగ్ వెనక్కి తెచ్చాడు. పడవను నాలుగు తాళ్ళతో రేవుకు కట్టి, గేరు వేసి, ఇంజిన్‌కు బరువు పెట్టారు. అతను స్క్రూడ్రైవరు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఆమె పక్కన గొంతుక్కూర్చుంది.

"గలగల ఉందా?"

"కొంచెం ఉంది."

వెంట్రుకవాసి తిప్పాడు. "ఇప్పుడో?"

"లేదు... లేదు అన్నయ్యా. పోయింది."

"నీరసం కూడా లేదు. బిగించేస్తున్నా." బిగించాడు. చల్లార్చి స్టార్టు చేస్తే ఎదురు తన్నలేదు. సాయంత్రం లోపు రెండుసార్లు ఏరు దాటి వచ్చారు. వేడి ముల్లు మధ్యలోనే ఉంది. కొత్త పుల్లీ కోసం దుకాణానికి ఫోన్ చేశాడు. నాలుగు రోజుల్లో వస్తుందన్నారు.

మర్నాడు ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టరు పడవెక్కాడు. అతనూ భార్యా ఒడ్డున మెట్ల మీద నిలబడ్డారు. పడవ ఏటికి ఎదురు వెళ్ళింది, వంతెన దాటింది, మలుపులో కనుమరుగైంది. ఆ తర్వాత కూడా అతను చెవి అటు పెట్టి తల వంచుకునే ఉన్నాడు. నీళ్ళ మీదుగా ఆ బరువైన చప్పుడు ఎడతెగకుండా వస్తూనే ఉంది. ఒకచోట దిగింది, తిరిగింది, మళ్ళీ దగ్గరైంది. అప్పటికి గాని అతను మెట్టు మీద కూర్చోలేదు.

పడవ కనిపించగానే చెల్లెలు చెయ్యి ఊపుతూ ఏదో అరిచింది.

"ఏమంటోంది?" అన్నాడు.

"పాసైందట!" అంది భార్య, అతని చెవి దగ్గరగా వంగి. "గురువారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. ఆ కాగితం సంగతి మీ చెల్లెలు నిన్న రాత్రే చెప్పింది."

"ఏంటీ?"

"ఇది మాత్రం వినపడదేం!"

వినపడింది. లేచి, పడవ తాడు అందుకోవడానికి మెట్లు దిగాడు.