కాలు పెట్టని ఏరు

మంగోలియాకు పోదామని అడిగింది నేనే. సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లోని మా ఫ్లాట్‌లో అన్నం తింటున్న మా ఆయన, కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"యాడికి?"

"మంగోలియాకు. మీ ఆఫీసులో ఆ దేశం ఆయన ఉన్నాడని మీరే చెప్తిరి కదా. మనుషులు తక్కువంట, ఏర్లు ఎక్కువంట."

"దొరికేదే వారం లీవు. ఇండియాకు పోదామంటావనుకుంటి."

"పోతే వారమంతా మీవాళ్ల ఇండ్లలో కాఫీలు, మావాళ్ల ఇండ్లలో భోజనాలు. నా మొక్కు ఎప్పుడు తీరల్ల?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మొక్కు సంగతి ఆయనకు తెలుసు.

అంతకు రెండేళ్ల ముందు మా పాపకు డెంగీ జ్వరం వచ్చింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని, మా ఆయన్ని ఆఫీసులో ఇరవై నాలుగు గంటలూ కూర్చోబెట్టిన రోజులవి. ఆసుపత్రిలో పాప మంచం పక్కన నేనొక్కదాన్నే. అప్పుడు మొక్కుకున్నాను: పాప లేచి నడిస్తే, పారే ఏట్లో మునిగి, పొద్దు పొడిచేటప్పుడు సూర్యుడికి మూడు దోసిళ్ల నీళ్లు ఇస్తానని. పాప లేచింది. పేర్లైనా తెలియని ఆ నర్సమ్మలను ఇప్పటికీ దీపం పెట్టినప్పుడల్లా తలచుకుంటాను. కానీ మొక్కు అలాగే ఉండిపోయింది. సింగపూర్‌లో పారే నీళ్లన్నీ సిమెంటు కాలవల్లోనే. పక్కన ఇనుప కమ్మీలు, దిగకూడదని బోర్డులు. సముద్రం ఉంది కదా అన్నారు కొందరు. నేను ఏరని మొక్కుకున్నాను. దేవుడితో అన్న మాటను వీలు కోసం మార్చుకోవడం నాకు చేతకాదు.

నేను బడి మొహం చూసినదాన్ని కాను. అక్షరాలూ, స్తోత్రాలూ, తుంగభద్రలో స్నానం చేసే పద్ధతీ, అన్నీ మా అవ్వ దగ్గర నేర్చుకున్నవే. ఏట్లో దిగేముందు చేత్తో నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకోవాలి. తల్లీ, నీకు కాలు తగిలిస్తున్నాను, తప్పు మన్నించు అనుకోవాలి. ఆ తరువాతే అడుగు వేయాలి.

ప్రయాణం సంగతి విని, పక్క ఫ్లాట్ హైదరాబాద్ ఆంటీ నవ్వి నవ్వి సోఫాలో కూలబడింది.

"అరే, ఏముందమ్మా ఆడ? గడ్డి, గుర్రాలు! గడ్డి చూడనీకి విమానం ఎక్కుతరా ఎవరన్నా?"

"గడ్డి కాదాంటీ, ఏరు."

"ఏరో, గీరో. ఆడ నీకు తిననీకి ఏం దొరకదు, ఇది పట్టుకపో" అని నిమ్మకాయ ఊరగాయ సీసా చేతిలో పెట్టింది. ఆ వారమంతా మమ్మల్ని కాపాడింది ఆ సీసానే. ఆమె చల్లగా ఉండాలి.

మా ఆయనతో పనిచేసే ఆ మంగోలియా ఆయన తమ్ముడు జీపు తెచ్చాడు, డ్రైవరూ అతనే. అతనికి కొంచెం ఇంగ్లీషు వచ్చు. రాజధాని దాటగానే ఇళ్లు అయిపోయాయి. ఆ తరువాత కంచెలు లేవు, గట్లు లేవు. గడ్డిలో చక్రాల గీతలే దారి. మా ఫ్లాట్ కిటికీ తెరిస్తే ఎదురు బ్లాకులో ఎవరింట్లో ఏ చొక్కా ఆరేశారో కనిపిస్తుంది. ఇక్కడ దూరాన ఒక పొగ కనిపిస్తే ముగ్గురం అటే తలతిప్పి చూసేవాళ్లం. మా పాపకు మాత్రం ఒకటే దిగులు, అదీ దాని సింగపూర్ ఇంగ్లీషులో.

"అమ్మా, నో టాయిలెట్ వన్ లా! హౌ?"

"ఇంత చోటుంది, నీకు చోటు లేదా?" అన్నాడు వాళ్ల నాన్న.

ఒక కనుమ మీద రాళ్ల కుప్ప. దానికి నీలం గుడ్డలు కట్టి ఉన్నాయి. డ్రైవరు జీపు ఆపి, ఒక రాయి తీసి కుప్ప మీద వేసి, కుప్పను కుడివైపు ఉంచుకుని మూడుసార్లు తిరిగాడు. నేను చెప్పులు విడిచి అతని వెనకే తిరిగాను. ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. మరునాడు ఆ దేశపు పాత రాజధాని దగ్గర బౌద్ధ మఠం చూశాం. ప్రహరీ పొడవునా తెల్లని స్తూపాలు, లోపల చీకటి గదిలో వెన్న దీపాలు. అక్కడ కూర్చుని నా మొక్కు ఇంకోసారి చెప్పుకున్నాను. రేపే, స్వామీ, అన్నాను.

ఆ సాయంత్రం ఒక ఏటి ఒడ్డున, గొర్రెలు కాచుకునే ముసలమ్మ గుడారంలో దిగాం. ఉన్నిగుడ్డతో కట్టిన గుండ్రని ఇల్లు అది. ఏరు నున్నని రాళ్ల మీద పారుతూ ఉంది. మరునాడే మా తిరుగు ప్రయాణం.

తెల్లవారుజామున చీర బిగించుకుని ఒడ్డుకు పోయాను. వంగి, నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకున్నాను. మన్నించు తల్లీ అని పాదం ఎత్తాను. వెనకనుంచి ఒక కేక. ముసలమ్మ పాల బకెట్టు అక్కడే పెట్టేసి, చేతులూపుతూ పరుగెత్తుకుని వస్తోంది. వచ్చి నా మోచేయి పట్టుకుని వెనక్కి లాగింది. ఆ కేకకు డ్రైవరూ మా ఆయనా లేచి వచ్చారు.

ముసలమ్మ మాటలు డ్రైవరు ఇంగ్లీషులో చెప్పాక మా ఆయన నాతో అన్నాడు. "ఏట్లో దిగకూడదంట. ఒళ్లు కడుక్కోకూడదు, గుడ్డలు ఉతకకూడదు. పాలచుక్క కూడా పడనీయరంట. నీళ్లు తోడుకుని దూరంగా పోయి స్నానం చేయల్లంట."

నేను మొక్కింది మునుగుతానని.

ఆయన గొంతు తగ్గించాడు. "అట్ల ఆ మలుపు దాటి పోదాం పా. ఆడ ఎవరూ చూడరు."

నా కాళ్లు ఒక్క క్షణం అటు లాగిన మాట నిజం. ఇంత దూరం వచ్చాను. మళ్లీ ఎప్పుడో, అసలు వస్తానో రానో. కానీ ముసలమ్మ ఇంకా నా మోచేయి వదల్లేదు. ఆమె కళ్లలో కోపం లేదు, భయం ఉంది. నా కోసమో, ఏటి కోసమో. మా అవ్వ గుర్తొచ్చింది. మేము కాలు పెట్టి మన్నించమంటాం. వీళ్లు కాలే పెట్టరు. మా అవ్వ ఇక్కడ ఉంటే ఎవరి పక్కన నిలబడుతుందో నాకు తెలిసిపోయింది.

"వద్దు. ఎవరికీ కనబడకుండా తీర్చుకునేది మొక్కెట్లయితుంది? బకెట్ అడగండి" అన్నాను.

ముసలమ్మ వైపు తిరిగి, నా పాదాలు చూపించి, తడిచెయ్యి నెత్తిన పెట్టుకుని దణ్ణం పెట్టాను. ఆమె కూడా చెయ్యి తడుపుకుని నుదుటికి అద్దుకుని పళ్లులేని నోటితో నవ్వింది. పాలది కాక, నీళ్ల కోసం వేరే బకెట్ తెచ్చి తానే ముంచింది. ఇద్దరం చెరోవైపు పట్టుకుని గుడారం వెనక్కి, ఏటికి బాగా దూరంగా మోసుకుపోయాం. ఆ నీళ్లు నెత్తిన పోసుకుంటే ఊపిరి ఆగినంత పనయింది. రోజూ చదువుకునే స్తోత్రం పళ్ల మధ్య ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఒక్క మాటా వదలకుండా పూర్తిచేశాను.

గడ్డి అంచున పొద్దు పొడిచింది. అడ్డంగా ఒక చెట్టు లేదు, ఒక బ్లాకు లేదు. మూడు దోసిళ్లూ గడ్డి మీదే వదిలాను. నా పక్కనే ముసలమ్మ గరిటెతో పాలు తీసి ఆకాశానికి, నాలుగు దిక్కులకూ చల్లుతోంది. రోజూ పొద్దున ఆమె పద్ధతి అదేనట.

మా పాప దుప్పటి చుట్టుకుని వచ్చి నిలబడింది. "అమ్మా, డన్ ఆల్రెడీ ఆర్ నాట్?"

"ఇంకా కొంచెం ఉంది" అని, దగ్గరికి లాక్కుని, బకెట్‌లో మిగిలిన నీళ్లు దాని నెత్తిన పోశాను.

"అయ్యో అమ్మా! సో కోల్డ్ లా!" అని కేకలు పెడుతూ గడ్డిలో పరుగెత్తింది. పడుతూ, లేస్తూ, మళ్లీ పరుగెడుతూ.

అది అలా పరుగెత్తుతుంటే చేతులు జోడించి చూస్తూ నిలబడ్డాను.