పొద నీడ గింజలు

మొన్న మా మేనకోడలు, విశ్వవిద్యాలయంలో మొక్కల మీద పరిశోధన చేస్తున్న పిల్ల, నా పక్కన కూర్చుని ఎంతో సంబరంగా ఒక సంగతి చెప్పింది. ఎడారుల్లో ముళ్లపొద నీడన పెరిగిన చిన్న మొక్కల గింజలు, అదే జాతివైనా ఆరుబయట ఎండలో పెరిగిన వాటి గింజల్లా మొలకెత్తవట, తల్లి మొక్కకు దొరికిన నీడ గింజ గుణాన్నే మారుస్తుందట. నేను మురిసిపోతానని అనుకుంది పాపం. నాకు మాత్రం ఒళ్లు మండిపోయి, తాగుతున్న చాయ్ వదిలేసి లోపలికి వెళ్లిపోయాను.

అరవై తొమ్మిదిలో నేను నగరంలో బీఎస్సీ చదువుతున్నాను. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఉద్యమంలో లాఠీలు, కాల్పులు, బందులతో కాలేజీలన్నీ మూతపడితే బాపు, అంటే మా నాన్న, వచ్చి నన్ను హాస్టల్ నుంచి మా ఊరు ఆలూరుకు తీసుకుపోయాడు. మొయినాబాదు దగ్గర రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు పెట్టి ఉంటే మేమెక్కిన లారీ చాలాసేపు ఆగింది, చేవెళ్లలో దిగి అక్కడి నుంచి నడిచాము. చదువు చేజారిపోతున్నదన్న కోపంతో ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే, అవ్వ, అంటే బాపు తల్లి, నన్ను ఊరి బయటి మొరం దిబ్బకు వెంటబెట్టుకుపోయేది. ఎర్రటి గరుకు నేల, అక్కడక్కడ రేగు పొదలు, అంతకుమించి ఏమీ లేని చోటు. కిందటి వానలకు మొలిచి ఎండిపోయిన దొగ్గలికూర అనే ఆకుకూర మొక్కల నుంచి ఆమె గింజలు దులిపి రెండు మూటలు కట్టేది. పొదల కింద దులిపినవి ఒకటి, బయట దులిపినవి ఒకటి. ఎందుకని అడిగాను.

“నీడల పుట్టిన గింజకు నిమ్మళమెక్కువ, మొదటి వానకే లేస్తది. ఎండల పుట్టింది భయం భయంగ ఉంటది, రెండో వానదాక చూస్తది. రెండూ ఉంటెనే ఇల్లు గడుస్తది బిడ్డా.”

సైన్సు చదివే పిల్లను కదా, నమ్మలేదు. పగిలిన కుండల్లో ఒకే మట్టి నింపి, ఒకే చెంబుతో నీళ్లు పోసి రెండు రకాలూ చల్లాను. నీడ గింజలు నాలుగు రోజులకే ఒత్తుగా లేచాయి, ఎండ గింజలు ఎక్కడో ఒకటి. మూడుసార్లు చేసినా అంతే. ఆ ఏడు అవ్వ రెండు మూటలూ పెరట్లో చల్లాక తొలకరి పడి, ఆ తరువాత వాన ముఖం చాటేసింది, ముందు లేచిన నీడ గింజల కూర మాడిపోయింది. బందులతో బజారుకు కూరగాయలు రాని ఆ రోజుల్లో, రెండో వానకు లేచిన ఎండ గింజల కూరే మా అందరి కంచాల్లోకి వచ్చింది. ఇదంతా రాత పుస్తకంలో బొమ్మలతో సహా రాసుకున్నాను, అవ్వ మాట అవ్వ మాటగానే రాశాను.

కాలేజీ తెరిచాక ఆ పుస్తకం మా వృక్షశాస్త్రం సారుకు ఇచ్చాను. రెండు కాగితాలు తిప్పి, అవ్వ మాటను తరగతిలో గొంతు సాగదీసి ఆమెలాగా చదివాడు. ముసలమ్మ ముచ్చట్లు పొయ్యి దగ్గర చెప్పుకోవాలని ఎర్ర సిరాతో రాసి పుస్తకం బల్ల మీద పడేశాడు. ఆయన పరాయి ప్రాంతం వాడైతే నా కోపానికి ఒక దారి ఉండేది, బయట ఊరేగింపుల్లో అరుస్తున్న నినాదాలే సరిపోయేవి. ఆయన మా వైపు మనిషే. ఏళ్ల తరబడి మా యాస పోయేలా నాలుక దిద్దుకుని ఆ కుర్చీలోకి వచ్చినవాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పండుగ సెలవులకు ఇంటికి పోతే అవ్వ గుమ్మంలోనే అడిగింది.

“సారు ఏమన్నడు బిడ్డా?”

“మంచిగున్నదన్నడు అవ్వా.”

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోయాక, పట్నం సారు తన మాట మెచ్చుకున్నాడని ఆమె కనబడిన వాళ్లకల్లా చెప్పుకుంది. నేను పక్కనే తల వంచుకుని నిలబడ్డాను. ఆమె పోయేదాకా నిజం చెప్పలేదు. నేనూ బడిలో వృక్షశాస్త్రమే చెప్పి రిటైరయ్యాను, అన్నేళ్లలో ఒక్క తరగతిలోనూ ఆ రెండు మూటల సంగతి ఎత్తలేదు, ఎక్కడ నవ్వుతారోనని.

ఇప్పుడు మా మాటకు ఎవరూ నవ్వరు. సినిమాల్లో, సభల్లో దర్జాగా వినబడుతున్నది. మేనకోడలి లాంటి పిల్లలు పుస్తకాలు పట్టుకుని ఊరూరా తిరుగుతూ, ముసలివాళ్లు ఏది చెబితే అది వాళ్ల మాటల్లోనే రాసుకుంటున్నారు. మా అవ్వ ఈడువాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు. సారు మీది కోపం ఎప్పుడో చల్లబడింది కాని, ఆ రోజు అందరితోపాటు నవ్విన పిల్ల మీద మాత్రం నాకింకా తగ్గలేదు.