రెండో పొయ్యి

రొయ్యల చెరువులకి తెగులు తగిలిన ఏడు మా ఆయన పని పోయింది. మాది నరసాపురం పక్క పల్లె. ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్యగారు. కోటా బియ్యమే దిక్కు. ఎంతమంది ఉన్నా కార్డుకి ఇంతేనని హద్దు పెట్టారు కాబట్టి, నెల సగంలోనే డబ్బా ఖాళీ అయ్యేది. వేరుపడ్డవాళ్లకి కొత్తగా తెల్ల కార్డులిస్తున్నారని తెలిసి, మనమూ వేరుపడ్డామని రాయించేద్దాం అన్నాను. ఆ పాడు ఆలోచన నాదే. ఇంకొకరి మీదకి నెట్టను.

ఎంక్వైరీకి వచ్చేవాళ్లు పొయ్యిలు లెక్కపెడతారట. వసారాలో మూడు ఇటుకలు పేర్చి, పైన మసిగిన్నె పెట్టి, అత్తయ్యగారికి పాఠం చెప్పాను. "ఎందుకు వేరుపడ్డారంటే, కోడలు నన్ను చూడదని చెప్పండి."

"అంత మాటెందుకమ్మాయ్? ఇల్లు చాలట్లేదంటే సరిపోదా?" అంది.

"సరిపోదు. నమ్మరు," అని కసిరాను. ఆ రోజుల్లో నా నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు.

గుమాస్తాగారు వచ్చారు. పొయ్యిలు చూసి, "ఏమ్మా, కోడలు సరిగ్గా చూడదా మిమ్మల్ని?" అనడిగారు. ఆవిడ నా వంక చూసింది. నాకు రెండు పురుళ్లూ తన చేత్తో పోసిన మనిషి. "చూడదండి," అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఆయన పాపం జాలిపడి అక్కడికక్కడే రాసుకున్నారు. వీధిలోవాళ్లంతా విన్నారు. నేనేమో, భలే నటించింది అనుకున్నాను. ఎంత మొద్దునో చూడండి.

ఆయన వెళ్లగానే ఇటుకలు తీయబోతే, "ఉండనీ అమ్మాయ్, మళ్లీ ఎవరైనా వచ్చి చూస్తే?" అంది. ఆ పూట అక్కడే గుప్పెడు బియ్యం వండుకుంది.

కార్డొచ్చింది. బియ్యమూ వచ్చాయి. ఆవిడ మాత్రం మళ్లీ మా వంటింట్లోకి రాలేదు. నేను బతిమాలాను, మా ఆయన కాళ్లు పట్టుకున్నాడు. పోనీ కోపమా అంటే అదీ లేదు. పిల్లల్ని ఎప్పట్లాగే ఒళ్లో కూర్చోబెట్టుకునేది.

ఒకరోజు ఆవిడకిష్టమని చింతచిగురు పప్పు చేసి, గిన్నెడు తీసుకెళ్లి ముందు పెట్టాను. కాదనకుండా తీసుకుంది. హమ్మయ్య అనుకున్నాను.

సాయంత్రం ఆ గిన్నె కడిగి తెచ్చి గుమ్మం అవతలే నిలబడి నా చేతికిచ్చింది. అడుగున రెండు బెల్లం ముక్కలు.

"ఉత్తి గిన్నె ఇవ్వకూడదు కదమ్మా," అంది.

ఆ మాట మేము పొరుగింటివాళ్లతో అంటాం.