విత్తనాలు చల్లే మనిషి మొహం

మా ఉస్తాదు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను ఖమ్మంలో, ఒక బట్టల షోరూం ముందు నిచ్చెన మీద ఉన్నాను. ఫోన్ చేసింది ఆయన భార్య, మేము చాచీ అని పిలిచే మనిషి. "పొద్దున చాయ్ అడిగిండు బేటా. తెచ్చేలోపు అయిపోయింది" అంది. నేను దిగబోతుంటే కింద నుంచి సూపర్‌వైజర్ "ఆ ఒక్క అద్దం ఎక్కించి పోరాదూ?" అన్నాడు. అద్దాన్ని గోడకు ఆనించి, చేతి తొడుగులు అతని కాళ్ల దగ్గర పడేసి మణుగూరు బస్సెక్కాను. ఆ అద్దం తర్వాత ఎవరు ఎక్కించారో నాకు తెలియదు, అక్కర్లేదు.

మా ఉస్తాదు గురించి ఏ పేపరూ రాయదు. అందుకే నేను రాస్తున్నాను. చదివింది ఏడో తరగతి. తప్పులుంటే భరించండి.

మణుగూరు బజారులో ఆయనది అద్దాల దుకాణం. నేను పని నేర్చుకున్నది అక్కడే. ఫొటో ఫ్రేములు, బీరువా అద్దాలు, కిటికీ అద్దాలు. ఏది చేతికొచ్చినా ముందు వెలుగుకు పట్టి చూడటం ఆయన అలవాటు. అద్దం సరే, చాయ్ గ్లాసునీ పట్టేవారు, కొత్త రేషన్ కార్డునీ పట్టేవారు. మేం నవ్వితే "చెయ్యి పెట్టకముందే చూడాలెరా. పెట్టినంక చూసేదేముంది?" అనేవారు.

దుకాణంలో ఒక ఇంగ్లీషు బొమ్మల పుస్తకం ఉండేది. ఎప్పుడో ఒక ఫాదర్ ఇచ్చి పోయాడట. ఇంగ్లండ్‌లోని కెథెడ్రల్ అనే ఒక పెద్ద చర్చి కిటికీల బొమ్మలు అందులో ఉన్నాయి. ఎనిమిది వందల ఏళ్ల నాటి రంగు అద్దాలు, ముక్కలుగా కోసి సీసం పట్టీలతో కలిపినవి. ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకూ రాదు. పాత డిక్షనరీ ఒకటి పక్కన పెట్టుకుని నేను నేర్చుకున్న ఇంగ్లీషంతా ఆ పుస్తకంలోదే. అందుకే ఇప్పటికీ ఇంగ్లీషులో కొలిమి, సీసం, బిషప్ అనగలను కానీ హోటల్లో మంచినీళ్లు అడగలేను.

ఒకరోజు నాకు ఒళ్లు మండింది. "రాజు పేరుంది, బిషప్ పేరుంది, పైసలిచ్చిన సేటు పేరుంది. అద్దం కోసినోని పేరేది ఉస్తాద్?" అని పుస్తకం విసిరికొట్టబోయాను. ఆయన దాన్ని అందుకుని ఒక బొమ్మ మీద వేలు పెట్టారు. "ఈ గీత చూడు. ఒక్క ఊపుల గీసిండు, చెయ్యి వణకలే. ఆడు గిట్ల కూసున్నడు, వెలుగు గిటు దిక్కునుంచి వచ్చింది. ఆడు నాకు ఎరుకే" అన్నారు.

ఆ పుస్తకంలో విత్తనాలు చల్లే మనిషి ఒకడున్నాడు. అలాంటివాడే పినపాక దాటాక, అడవి అంచు ఊళ్లో, తెల్లదొరల కాలం నాటి చిన్న చర్చి కిటికీలోనూ ఉన్నాడు. ఒక వానాకాలం గాలిదుమారానికి సీసం పట్టీలు వంగిపోతే కిటికీని విప్పి దుకాణానికి తెచ్చాం. కడగడం నా పని. మొహం ముక్క మీద నల్లగా ఏదో పట్టి ఉంది. కొవ్వొత్తుల మసి అనుకున్నాను. సోడా పొడి వేసి, గిన్నెలు తోమే పీచుతో గట్టిగా రుద్దాను. పని శుభ్రంగా చేస్తున్నానని గర్వం కూడా. ఎత్తి చూస్తే మొహం లేదు. కళ్లు, ముక్కు, గడ్డం అన్నీ మోరీలోకి పోయాయి. అది మసి కాదు. అద్దం మీద రంగుతో గీసి కాల్చిన గీతలు, ఏళ్ల తడికి పట్టు సడలినవి.

ఉస్తాదు ఆ ఖాళీ ముక్కను వెలుగుకు పట్టి చాలాసేపు చూశారు. కొడితే బాగుండుననిపించింది.

"తానం మంచిగ చేపిచ్చినవ్ రా" అన్నారు. "పో. ఊరోళ్లకు నువ్వే చెప్పు."

"మీరు రారా ఉస్తాద్?"

"రుద్దేటప్పుడు నన్ను పిలిచినవా?"

చర్చి తాళం ఒక ముసలమ్మ దగ్గర ఉంటుంది. అడవిలో పోడు సాగు చేసుకునే మనిషి. ఆమెకు చెప్పాను. పక్కనున్న చర్చి పెద్ద "ఫ్లెక్సీ కొట్టించి అతికిద్దాం, పీడ పోతది" అన్నాడు. ముసలమ్మ ఆయన్ని ఆపింది. "మొహం లేనోడు ఇత్తులు జల్లుతుంటే ఎవని చేననుకోవాలె? నువ్వు పోగొట్టినవ్, నువ్వే తే" అంది నాతో. క్రిస్మస్ దాకా గడువు. తేలేకపోతే ఈ పనే మానేస్తానని బస్సులో ఒట్టు పెట్టుకున్నాను.

పద్ధతి పుస్తకంలోనే దొరికింది. గాజు పొడి, తుప్పు పొడి, జిగురు కలిపి రంగు నూరాలి. ఇనుప పళ్లెంలో సున్నం పరిచి, దాని మీద అద్దం పెట్టి కాల్చాలి. నేను కూడబలుక్కుని చదివాను. ఉస్తాదు తుమ్మబంక తెప్పించి రంగు నూరారు, పినపాకలో ఒక కుమ్మరిని ఒప్పించి, కుండలు కాల్చే ఆవంలో చోటు అడిగారు. ముందు పుస్తకంలోని మొహాన్ని చూసి దుకాణంలోని మామూలు అద్దం ముక్కల మీద గీశాను. మొదటిదాన్ని ఆగలేక వేడి మీదే బయటికి లాగాను. టప్పుమని రెండయింది. "అద్దానికి నీ కోపం అంటిందిరా. సల్లారనియ్యి" అన్నారు. ఇంకోటి మంట ఎక్కువై అప్పడంలా ముడుచుకుంది. కుమ్మరి నవ్వాడు. "ఎన్ని తలకాయలు కాలుస్తరయ్యా? ఇగ కూర వండుండ్రి."

డిసెంబరు వచ్చేసరికి చెయ్యి కుదిరింది. ఇక అసలు ముక్క మీద గీయాలి. అది ఒక్కటే ఉంది, పగిలితే ఇంకోటి లేదు. గీసి, ఆరబెట్టి, ఉస్తాదు చేతికిచ్చాను. వెలుగుకు పట్టారు.

"అన్నీ ఉన్నయ్. కంట్ల వెలుగు లేదు."

జేబులోంచి వెదురు పుల్ల తీసి, నల్లటి కనుపాప మధ్యన ఒక్క చుక్క గీకారు. ఆవగింజంత అద్దం బయటపడింది.

"నువ్వు మొత్తం గీకినవ్. గింత గీకితే చాలు" అన్నారు.

ఆ మొహాన్ని ఆవంలోంచి తీయడానికి రెండు రోజులు ఆగాను. అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నా జీవితంలో అదే మొదలు. క్రిస్మస్ ముందురోజు కిటికీ ఎక్కించాం. ముసలమ్మ తల పైకెత్తి చూసింది. "మా మరిది లెక్కనే ఉన్నడు. ఆడు గూడ చేన్ల నిలబడి ఎటో చూస్తడు, పని మాత్రం చెయ్యడు" అంది. చర్చి పెద్ద కూడా నవ్వాడు.

ముప్పై ఏళ్లు అద్దాల అంచులు నూరిన దుమ్ము ఉస్తాదు ఊపిరితిత్తుల్లో కూర్చుంది. మూతికి కట్టుకోవడానికి చాచీ పాత చీర ముక్క తప్ప ఏమీ ఎరగం. ఇలా జరుగుతుందని మాకు చెప్పిన మొగోడు ఒక్కడూ లేడు. దాని గురించి రాస్తే ఇది వేరే రాత అవుతుంది. ఆఖరుసారి దవాఖానాలో ఎక్స్‌రే చేతికిస్తే, డాక్టర్ నోరు తెరిచేలోపే ఆయన కిటికీకి పట్టి ఎముకల మీద వేలు పెట్టారు. "బొక్కలు చూడు, సీసం పట్టీలు ఎంత మంచిగున్నయో. నడుమ అద్దమే మసిబారింది. దీన్ని గూడ సోడతోని రుద్దకురా" అన్నారు. డాక్టర్‌కు అర్థం కాలేదు. మేమిద్దరం దగ్గొచ్చేదాకా నవ్వుకున్నాం.

కబరస్తాన్ నుంచి వచ్చాక చాచీ ఆ పుస్తకం, వెదురు పుల్ల నా చేతిలో పెట్టింది. మర్నాడు మొదటి బస్సుకే పినపాక దాటి చర్చికి వెళ్లాను. ముసలమ్మ తాళం తీస్తూ "మీ ఉస్తాదు పోయిండట గద" అంది.

"అవ్ అవ్వా."

"ఆ పక్క కిటికీ గూడ గాలికి కదులుతుంది. ఇగ నువ్వే చూడాలె."

చూస్తానన్నాను. లోపల ఇంకా మసకగా ఉంది. విత్తనాలు చల్లే మనిషి మొహం గోడలో కలిసిపోయి, అక్కడ ఎవరూ లేనట్టే ఉంది. బెంచీ మీద కూర్చున్నాను. టేకు చెట్ల మీదుగా పొద్దు పొడిచింది. ముందు కంట్లో ఆవగింజంత చుక్క వెలిగింది. తర్వాత మొహం, భుజం, చాచిన చెయ్యి, చేతిలోంచి జారుతున్న గింజలు.